ఎలుకలకు పెట్టిన ముద్ద

"మొత్తం మీద" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా మామకు అది ఊతపదం. పంట గురించి అడిగినా, పెళ్ళి ఎలా జరిగిందని అడిగినా, చచ్చినవాడి గురించి అడిగినా, మొత్తం మీద ఇలా, మొత్తం మీద అలా అని తేల్చేసేవాడు.

ఆయన హిందూపురంలో చింతపండు మండీలో గుమాస్తా. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన కొన్నేళ్ళకు, యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఆ ఊరికి ప్లేగు వచ్చింది. వచ్చింది, కొందరిని మింగింది, పోయింది. పోయాక మా అరుగు మీద మండీ పెద్దమనుషులంతా చేరి సర్కారు ఎలా చేసిందో తీర్పులు చెప్పడం మొదలుపెట్టారు. రైలు దిగినవాడికి దిగినట్టే స్టేషన్లో సూది పొడిచారట. మైసూరు సీమ నుంచి వచ్చే బండ్లను ఊరి బయటే ఆపారట. ఊరినంతా బయట కొట్టాల్లోకి తోలి ఇళ్ళకు తాళాలు వేయించారట. దుడ్లకు వెనకాడలేదట. అవన్నీ నేనూ చూసినవే, అబద్ధాలేమీ కావు.

"సర్కారంటే ఇట్లుండాల. ఖరాఖండిగా ఉండాల. మొత్తం మీద బాగా చేసినారప్పా" అని మా మామ ముగించాడు. తక్కినవాళ్ళు తలలూపారు.

నేను మజ్జిగ చెంబు పట్టుకొని తలుపు వెనక నిలబడి ఉన్నాను. మగవాళ్ళ మాటల్లో కోడలు నోరు పెట్టే కాలం కాదది. వాళ్ళంతా లేచి వెళ్ళేదాకా ఆగాను. ఆ తర్వాత మాత్రం ఆగలేకపోయాను.

"ఎవురికి బాగా చేసినారు మామా?"

"ఊరికమ్మా. ఇంకెవురికి?"

"సచ్చినోళ్ళ ఇండ్లకాడికి పోయి అడిగినారా ఎవురన్నా?"

"సచ్చేవాళ్ళు యాడైనా ఉంటారమ్మా. ఒగ ఇంటిని చూసి చెప్పగూడదు. మొత్తం మీద చూడాల."

ఆయన చెడ్డవాడు కాదు. ధర్మవరంలో మా పుట్టింట ఏం జరిగిందో తెలిసే నన్ను కోడలిగా తెచ్చుకున్నాడు. ఆ క్షణంలో గుర్తులేదు, అంతే. గుర్తులేకపోవడమే నాకు మరింత కోపం తెప్పించింది. సర్కారు మంచిచెడ్డలు ఊరి మొత్తం మీద చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు, చూసుకోనీ. నేను మాత్రం ఒక్క ఇంటిని చూసే చెప్తాను.

మా నాయన పట్టుచీరలు నేసేవాడు. మా ముందు గదిలో గుంట మగ్గం ఉండేది. నేలలో గుంట తవ్వి దాని మీద మగ్గం బిగిస్తారు. నేసేవాడు గట్టు మీద కూర్చొని, కాళ్ళు గుంటలోకి వదిలి, కింద ఉన్న చెక్కలను తొక్కుతూ, అడ్డపోగు మోసే నాడెను చేత్తో అటూ ఇటూ విసురుతూ నేస్తాడు. మగ్గం మీద నిలువుగా సాగదీసిన పోగులను పడుగు అంటారు. పడుగు ఒకసారి మగ్గం ఎక్కితే నేత పూర్తయ్యేదాకా దిగదు. మధ్యలో దించాలంటే కోయడమే. కోసిన పట్టును మళ్ళీ పోగు పోగూ అతకాలి, ఎంత అతికినా ఆ చోటు మచ్చలాగా కనబడుతుంది. పెళ్ళిచీర మీద మచ్చ ఎవరు ఒప్పుకుంటారు?

పడుగుకు గంజి పెడతారు. ఆ గంజి వాసనంటే ఎలుకలకు ప్రాణం. పిల్లిని పెంచుకుంటే సరిపోయేది కదా అని మగ్గం ఎరగనివాళ్ళు అడుగుతారు. పిల్లి ఉన్న సాలె ఇల్లు నేను చూడలేదు. పోగు కదిలితే చాలు, దాని పంజా ఊరుకోదు. ఎలుక ఒక మూల కొరికితే పిల్లి పడుగంతా పీకి పెడుతుంది. అందుకని మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. కొత్త పడుగు మగ్గం ఎక్కిన రోజు నుంచి దిగే రోజు దాకా, దీపం పెట్టే వేళకు, ఎలుక బొరియ ముందు ఒక సంగటి ముద్ద పెట్టేవాళ్ళు. కడుపు నిండిన ఎలుక పట్టు జోలికి రాదని నమ్మకం. నమ్మకమే కాదు, నిజంగానే వచ్చేది కాదు.

మా ఇంట్లో ఆ పని అవ్వది. ముద్ద పెట్టి, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మర్యాదగా చెప్పేది. "తిని పో నాయనా. మా పట్టు జోలికి రావాకు."

నాకు పదిహేనేళ్ళప్పుడు, యుద్ధం మాట ఇంకా పుట్టకముందు, మా ఊళ్ళో ఎలుకలు రాలడం మొదలైంది. మొదట ధాన్యం అంగళ్ళ వీధిలో. పట్టపగలు తూలుతూ వచ్చి నడివీధిలో పడి చచ్చేవి. తర్వాత ఆ వీధిలోనే ఒక మనిషి పోయాడు. గజ్జల్లో గడ్డ లేచింది, మూడో పూటకు లేడు అన్నారు. మా అవ్వ ఆ మనిషికీ ఏడ్చింది, ఎలుకలకూ ఏడ్చింది. "నోరు లేని జీవాలు, వాటికి గూడ అదే రోగం" అంది.

తప్పెట వేసుకుంటూ దండోరా వచ్చింది. ఇళ్ళు ఖాళీ చేయాలి. చచ్చిన ఎలుకను చేత్తో ముట్టకుండా చావడిలో చెప్పాలి. అందరూ సూది వేయించుకోవాలి. ఇంటి మీది పెంకులు తీసి లోపలికి ఎండ తగలనివ్వాలి. మా వీధిలో పెంకుటిల్లు ఒక్కటీ లేదు. అన్నీ మట్టి మిద్దెలు. ఏ ఊరి కోసమో రాసుకున్నది తెచ్చి మా ఊళ్ళో వినిపించారు.

"మిద్దె కూలగొట్టుకోమంటావా ఏమప్పా?" అని మా నాయన తప్పెట వాడిని అడిగాడు.

"నాకేం తెలుసు? చెప్పమన్నారు, చెప్తాండా" అన్నాడు వాడు. వాడి తప్పేముంది.

మరుసటి రోజు పెనుకొండ నుంచి పెద్ద ఆఫీసరు కారులో వచ్చాడు. వీధి మొగదలలో నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని మాట్లాడాడు. న్యాయంగా చెప్పాల్సింది చెప్తాను. ఊరి బయట చేలల్లో కొట్టాలు వేసుకోవడానికి గుంజలూ, పైన కప్పుకోవడానికి బోదగడ్డీ ఇప్పించాడు. తాగే నీళ్ళ బండి ఏర్పాటు చేశాడు. సూది వేసే డాక్టరును పంపించాడు. అప్పటిదాకా సర్కారు అంటే శిస్తు వసూలుకు వచ్చేది అని మాత్రమే తెలిసిన మాకు, నీళ్ళు తెచ్చి పోసే సర్కారును చూడటం అదే మొదలు. మా అమ్మ ఆ బండిని చూసి దణ్ణం కూడా పెట్టింది.

ఆఫీసరు మాట్లాడటం ఆపి ఊపిరి పీల్చుకున్నప్పుడు మా నాయన ముందుకు వెళ్ళి అడిగాడు. "మగ్గాలేం చేయమంటారు సామీ? పడుగులు మీదనే ఉండాయి."

"మనుషులు బతికుంటే మగ్గాలు అవే ఆడతాయి. ముందు ప్రాణాలు కాపాడుకోండి" అన్నాడు ఆఫీసరు. పక్కన ఉన్నవాళ్ళు బాగా చెప్పారన్నట్టు నవ్వారు.

వినడానికి గొప్ప మాటే. జవాబు మాత్రం కాదు. మా నాయన చేతులు కట్టుకొని తక్కిన జవాబు కోసం అలాగే నిలబడ్డాడు. ఆఫీసరు అప్పటికే మరుగుదొడ్ల గుంటలు ఎంత దూరంలో తవ్వాలో చెప్తున్నాడు. వీధిలో గడపకొక మగ్గం ఉంది. ఊరి బతుకే మగ్గం. ఊరు ఖాళీ చేయించడానికి వచ్చినవాడికి మగ్గం గురించి రెండు మాటలు దొరకలేదు.

అప్పుడు మా మగ్గం మీద ఉన్నది పెళ్ళిచీర. పట్టు మా సొంతం కాదు, శావుకారిది. నేసేవాళ్ళందరికీ అంతే, ఆయన పడుగు ఇస్తాడు, మేం చీర చేసి ఇస్తాం. ఆయన కూడా ఊరు వదిలి పెనుకొండ దగ్గర ఉన్న తన తోటకు కుటుంబంతో వెళ్తూ, మా ఇంటి ముందు బండి ఆపించాడు.

"పట్టు జాగర్తప్పా" అన్నాడు.

"నా పానం మాదిరి చూసుకుంటా శావుకారీ" అన్నాడు మా నాయన.

అంతే, బండి కదిలిపోయింది. ఒకరి పట్టు పాడు చేశాడనే పేరు పడితే ఆ మనిషికి మళ్ళీ పడుగు ఇచ్చేవాడు ఊళ్ళో ఉండడు. మగ్గం ఉంటుంది, గుంట ఉంటుంది, నేయడానికి ఏమీ ఉండదు. ఆ భయం మా నాయనకు ప్లేగు కంటే ఎక్కువ. ప్లేగును ఆయన ఎప్పుడూ చూడలేదు. పడుగు దొరకని మనిషిని చూశాడు. మా వీధి చివర ఒకాయన అలాగే మగ్గం ఊడబీకి గొర్రెల వెంట పోయాడు.

కొట్టాల్లోకి వెళ్ళాక అవ్వా అమ్మా నేనూ సూది వేయించుకున్నాం. చేయి భుజం దాకా వాచి, జ్వరం వచ్చి పడుకున్నాం. అది చూసి మా నాయన వెనక్కి తగ్గాడు. "చెయ్యి పడిపోతే నాడె ఎట్ల ఇసిరేది? చీర దించినాక ఏయించుకుంటా" అన్నాడు. సూది వేసే డాక్టరు రానివాళ్ళను పిరికివాళ్ళని తిట్టి ముందుకు వెళ్ళిపోయాడు. చేయి ఎన్నాళ్ళు వాస్తుంది, ఎన్నాళ్ళకు తగ్గుతుంది అని నేసేవాడికి చెప్పాలని తోచలేదు. కుడిచేతికి బదులు ఎడమచేతికి పొడుస్తాను రా అన్నా మా నాయన ఆలోచించేవాడేమో. నేతకు రెండు చేతులూ కావాలి నిజమే, అయినా ఆలోచించేవాడు.

ఖాళీ ఇంట్లో పడుగును ఎలుకలకు వదిలి ఎవరు నిద్రపోగలరు? అవ్వ పొద్దున్నే ముద్ద చేసి ఇచ్చేది. మామూలు కంటే పెద్ద ముద్ద. ఇంట్లో గింజా గట్రా లేదు కాబట్టి ఎలుకలు ఆకలితో ఉంటాయి, ఆకలితో ఉంటే పట్టు మీద పడతాయి అని ఆమె లెక్క. నాయన దాన్ని తుండుగుడ్డలో మూటగట్టుకొని పెరటి వైపు నుంచి ఇంట్లోకి వెళ్ళేవాడు. వెళ్ళినవాడు ఊరికే రాడు కదా, కాసేపు గుంటలో కాళ్ళు పెట్టి నేసి వచ్చేవాడు. మా నాయన ఒక్కడే కాదు, మా వీధి వీధంతా అదే పని. వీధి మొగదలలో కాపలా ఉన్న తలారి అటు తిరిగి బీడీ కాల్చుకునేవాడు. వాడి చెల్లెలి మగ్గమూ ఆ వీధిలోనే ఉంది.

ఇళ్ళు ఎందుకు ఖాళీ చేయిస్తారో నాకు చాలా ఏళ్ళ తర్వాత హిందూపురంలో సూది వేయడానికి వచ్చిన ఒక డాక్టరు చెప్పాడు. మనుషులు వెళ్ళిపోతే ఇంట్లో తిండి ఉండదు. తిండి లేకపోతే ఎలుకలు ఉండవు. ఎలుకల ఒంటి మీద ఉండే సన్నపురుగులే రోగాన్ని మనుషులకు అంటిస్తాయి.  ఇంత చిన్న సంగతి. తప్పెట వాడు ఒక్క ఊపిరిలో చెప్పగలిగిన సంగతి. ఇల్లు వదలండి అన్నారు గాని, ఎలుకకు తిండి లేకుండా చేయడానికే వదలమంటున్నాం అని మాకెవరూ చెప్పలేదు. ఊరు ఊరంతా ఎండలో కొట్టాల్లో పడి ఉండి, ఖాళీ ఇళ్ళలో ఎలుకలకు విందు చేసింది.

చెప్పలేదు సరే, చూశారు కూడా. అది ఇంకా కడుపు మండే సంగతి.

ఒక రోజు ఎలుక బొరియల్లోకి విషపు పొగ కొట్టే పంపు తీసుకొని శానిటరీ ఇన్‌స్పెక్టరు మా వీధికి వచ్చాడు. ఇళ్ళ తాళాలు తీయడానికి ఇంటికొకరిని రమ్మన్నారు. మా అమ్మ వెళ్ళింది, నేనూ వెంట వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు వంటింట్లోకి వెళ్ళి మూలన ఉన్న సంగటి ముద్దను చూశాడు. పొద్దున నాయన పెట్టి వచ్చినదే. ఇంకా మెత్తగా ఉంది.

"ఈ జనానికి ఎంత చెప్పినా ఇంతే. పోయేటప్పుడు ఇల్లు కూడా ఊడ్చుకోరు" అని విసుక్కొని దాన్ని బూటుతో పక్కకు నెట్టాడు.

మనుషులు వదిలి ఎన్నో రోజులైన ఇంట్లో సంగటి ఎండకుండా ఎలా ఉంది? ఒక్క నిమిషం ఆగి ఆ మాట అడిగి ఉంటే చాలు. మా అమ్మకు అబద్ధం చెప్పడం రాదు, జరిగింది జరిగినట్టు చెప్పేసేది. ఆయన అడగలేదు. మేం మురికి జనం అని ఆయనకు ముందే తెలుసు కాబట్టి అడగాల్సిన పని కనబడలేదు.

వంటింట్లో కొట్టారు, పెరట్లో కొట్టారు. మగ్గం గుంట దగ్గరికి వచ్చేసరికి అమ్మ అడ్డం నిలబడింది. పొగ తగిలితే జరీ నల్లబడుతుందని బతిమాలింది. ఇన్‌స్పెక్టరు చీర వైపు చూశాడు. ఎర్రటి పట్టు, నెమలికంఠం అంచు, సగానికి పైగా అయిన బుటాలు. ఆయన మొహం మెత్తబడింది. "మంచి పనమ్మా. సరే, గుంట వదిలెయ్" అని పంపు వాడితో చెప్పాడు. అమ్మ ఆయనకు రెండు చేతులెత్తి మొక్కింది.

ఇల్లంతా పొగపెట్టి గుంటను వదిలేశారు. మిగిలిన ఎలుకలకు చేరడానికి ఇంట్లో ఇంకో చోటు లేదు. కఠినంగా ఉండాల్సిన ఒక్క చోట మెత్తబడ్డాడు ఆ మనిషి. చీర మీద జాలిపడ్డవాడు, ఆ గుంటలో కాళ్ళు పెట్టేవాడు ఒకడుంటాడని అనుకోలేదు.

తర్వాత కొన్నాళ్ళకు నాయన ఇంటి నుంచి వస్తూనే కాళ్ళు గోక్కున్నాడు. మర్నాటికి జ్వరం. ఆ సాయంత్రానికి గజ్జల్లో గడ్డ తగిలింది. చాలామంది రోగాన్ని దాచేవాళ్ళు. మా అమ్మ దాచలేదు. తానే పరుగెత్తుకొని వెళ్ళి ఇన్‌స్పెక్టరుకు చెప్పింది. సర్కారు చెప్పినట్టు చేస్తే సర్కారు కాపాడుతుందని ఆమె నమ్మింది. నాయనను బండిలో వేసుకొని జబ్బు మనుషుల కొట్టానికి తీసుకెళ్ళారు. డాక్టరు లేడు. పెనుకొండలో మీటింగు ఉందట, ధర్మవరంలో ప్లేగు పనులు ఎలా జరుగుతున్నాయో పైవాళ్ళకు చెప్పడానికి వెళ్ళాడట. మందు పెట్టె ఆయన దగ్గరే ఉంది. నీళ్ళు పోసే మనిషి ఒకడు మాత్రం ఉన్నాడు.

కొట్టం బయట కూర్చున్న మాకు లోపల నాయన మాటలు వినబడేవి. "కొంగు ఒగటే ఉండాది. అది నేస్తే అయిపోతాది" అనేవాడు. కాసేపటికి మళ్ళీ అదే. మా పేర్లు కాదు, మమ్మల్ని పిలవడం కాదు, కొంగు ఒకటే ఉంది అని. నాకు ఆ మాట మీద అసూయ లాంటిది పుట్టింది, ఇప్పటికీ పోలేదు. డాక్టరు తిరిగి వచ్చేసరికి నాయన లేడు.

దహనం అయిన మర్నాడు ఇన్‌స్పెక్టరు మనుషులను వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. రోగం వచ్చిన ఇంట్లో చాపలూ గుడ్డలూ కాల్చేయాలి. వాళ్ళలో ఒకడు కొడవలితో పడుగును అడ్డంగా కోశాడు. రెండు కోతలకు తెగింది. నేసిన చీరతో సహా ఈడ్చుకొచ్చి నడివీధిలో వేసి నిప్పు పెట్టారు. పట్టు మంటగా మండదు, ముడుచుకుపోతుంది. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది.

అమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. లేచి ఆయన ముందుకు వచ్చింది. "ఈ రూలు ముందుగాల యాడుండె సామీ? మేం ఇల్లిడిసి పోయిన్నాడే కోసి కాల్చింటే ఏం పోయేది?"

"అప్పుడు మీ ఇంట్లో జబ్బు లేదు కదమ్మా" అన్నాడు ఆయన.

అమ్మ శావుకారికి ఏం చెప్పాలో తెలియక ఆ బూడిద వైపే చూస్తోంది. ఆయన అది కనిపెట్టాడు. ఓదార్చాలనే చెప్పాడు, అందులో నాకు అనుమానం లేదు. "పట్టు గురించి దిగులు పడొద్దు. పాడైన పడుగులను ఎవరూ అడగరు. దండోరా వేయకముందే మా పెద్ద ఆఫీసరు పెనుకొండలో మీ శావుకారితో సహా శావుకార్లందరినీ పిలిపించి ఒప్పించాడు."

అమ్మకు వెంటనే అర్థం కాలేదు. ఆయన ఇంకోసారి చెప్పాడు. కోసినా, ఎలుకలు కొట్టినా, కాలినా, నేసేవాళ్ళను అడగకూడదని అనుకున్నారట. అడగబోమని శావుకార్లు మాట ఇచ్చారట.

"మరి మాకెందుకు చెప్పలేదు సామీ?"

"చెబితే అందరూ పట్టు దాచుకొని పాడైపోయిందంటారని..." అని ఆగాడు. వీధి అటు చివరకు చూశాడు. "ఊరు కుదుటపడ్డాక చెప్దామనుకున్నారు."

"మా ఇంటాయనకు ఈ మాట తెలుసునా?"

"తెలీదమ్మా. ఎవరికీ చెప్పలేదు."

ఆ ఒక్క మాట తప్పెట వేసి చెప్పి ఉంటే మా నాయన ఆ రోజే పడుగు కోసి పక్కన పెట్టి, సూది వేయించుకొని, మా వెంట కొట్టానికి నడిచి వచ్చేవాడు.